ఆరుబయట అరుదైన జబ్బు అంటుకుంటుందేమోనన్న భయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీని ఎలా చదవాలి?

ఒక్కసారి, పగటిపూట, మొదటి నుంచి చివరి వరకు చదివి మూసేయండి. ఈ సలహా వింతగా అనిపించవచ్చు. కానీ ఈ భయం ఉన్నవారు ఇటువంటి పేజీలను ధైర్యం కోసం రోజుకు పదిసార్లు తెరుస్తారు, తెరిచిన ప్రతిసారీ కాసేపు ఊరట పొందుతారు, ఆ తరువాత "నా సంగతి వేరేమో" అన్న అనుమానంతో మళ్ళీ మొదటికి వస్తారు. రెండోసారి చదివినప్పుడు కొత్త సమాచారమేమీ దొరకదు, అలవాటు మాత్రం ఇంకొంచెం బలపడుతుంది.

జాగ్రత్త ఎక్కడ ఆగుతుంది, భయం ఎక్కడ మొదలవుతుంది?

కుక్క కరిస్తే గాయం కడుక్కుని, టీకా వేయించుకుని, తరువాతి సూది తేదీని కాగితం మీద రాసుకుని, మిగతా పనుల్లో పడిపోయే మనిషిది జాగ్రత్త. కుక్క పక్కనుంచి వెళ్ళిందని ఇంటికి రాగానే కాళ్ళను దీపం వెలుగులో పెట్టి గీతల కోసం వెతికి, ఏమీ కనిపించకపోయినా "కంటికి ఆననంత చిన్న గీత ఉంటే?" అని రాత్రంతా మేలుకునే మనిషిది భయం. ఇద్దరికీ తెలిసిన వైద్య సమాచారం దాదాపు ఒక్కటే, పైగా రెండోవారికే కొంచెం ఎక్కువ తెలిసి ఉంటుంది.

ప్రతి అంటువ్యాధికీ శరీరంలోకి వచ్చే దారి ఒకటి, బయటపడే గడువు ఒకటి, మనం చేయవలసిన పని ఒకటి ఉంటాయి. భయం ఈ మూడింటినీ ఒప్పుకోదు. దారి మూసి ఉందంటే వేరే దారి ఉందేమోనంటుంది, గడువు దాటిందంటే ఎక్కడో ఎవరికో ఆలస్యంగా వచ్చిందట కదా అంటుంది, పని పూర్తయిందంటే సరిగా చేశారో లేదోనంటుంది. మీ మనసులో ఈ మాటలే తిరుగుతుంటే, రోజులో గంటకు పైగా వీటితోనే గడిచిపోతుంటే, నడకకో పొలానికో స్నేహితుల ఇంటికో వెళ్ళడం మానేసి ఉంటే, సమస్య జబ్బు వైపు నుంచి భయం వైపుకు జరిగిందని అర్థం.

దీనికి వైద్యంలో పేరుందా? ఇది పిచ్చా?

పిచ్చి కాదు. పూర్వం దీన్ని హైపోకాండ్రియాసిస్ అనేవారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వర్గీకరణను సవరించినప్పుడు ఆ పేరు తీసేసి, శారీరక లక్షణాలు పెద్దగా లేకుండా జబ్బు భయం ఆరు నెలలకు పైగా వేధిస్తుంటే దానికి విడిగా ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ అన్న పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులోకి తెచ్చిన వర్గీకరణలో పాత పేరు అలాగే ఉంది, కానీ దాన్ని ఓసీడీకి (ఒకే ఆలోచన వదలకుండా వేధించి, ఒకే పనిని పదేపదే చేయించే మానసిక సమస్యకు) దగ్గరి వర్గంలో చేర్చారు. చేతులు పదేపదే కడగడం, తలుపు గడియ పదేపదే చూసుకోవడం వంటిదే ఇదీనన్న ఈ గుర్తింపు చికిత్సను ఎంచుకోవడానికి ఎంతో పనికొస్తుంది.

ఇన్ని మామూలు జబ్బులుండగా అరుదైనవే ఎందుకు పట్టుకుంటాయి?

మన ఊళ్ళలో బీపీకి, షుగరుకు ఎవరూ నిద్ర మానుకోరు, ఎందుకంటే అవి పక్కింటివారికీ ఉన్నాయి. అరుదైన అంటువ్యాధి మాత్రం కథలా వస్తుంది: చిన్న పిల్లవాడు, చెరువు స్నానం, అయిదు రోజుల జ్వరం, పత్రికలో ఫోటో. మెదడును తినే అమీబా అన్న పేరే సగం పని చేసేస్తుంది. అరుదు కనుకనే అది వార్త అయిందని తెలిసినా, మనసు లెక్కలను గుర్తుపెట్టుకోదు, బొమ్మను గుర్తుపెట్టుకుంటుంది. పైగా ఈ జబ్బులన్నీ కంటికి కనిపించనివి, వెంటనే బయటపడనివి, ముదిరితే ప్రాణాంతకమైనవి. అనుమానం పెనుభూతంగా మారడానికి అంతకన్నా అనువైన నేల దొరకదు.

వీధికుక్క నన్ను తాకింది, నాలుకతో తాకిందేమో, గీరిందేమో తెలియదు. రేబిస్ వస్తుందా?

మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీన్ని కొట్టిపారేయడం సరికాదు, ఎందుకంటే మన దేశంలో రేబిస్ ఊహాజనితమైన జబ్బు కాదు, మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల వల్లే వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. అందుకే దీనికి స్పష్టమైన నియమం ఉంది, ఆ నియమాన్ని మీ మనసు కాకుండా వైద్యులు పెట్టారు.

కుక్కను తాకినా, దానికి తిండి పెట్టినా, గాయంలేని చర్మాన్ని అది నాకినా మొదటి రకం, అది సోకడం కిందికి రాదు, కడుక్కుంటే చాలు, టీకా అక్కరలేదు. రక్తం రాని గీతలు, చర్మాన్ని పళ్ళతో కొరికినట్టు చేయడం రెండో రకం, వీటికి గాయం కడగడంతోపాటు టీకా కావాలి. రక్తం వచ్చిన కాటు లేదా గీత, తెగిన చర్మం మీద, కన్ను లేదా నోటి లోపలి పొర మీద పడిన చొంగ మూడో రకం, వీటికి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే, ముందే తయారైన యాంటీబాడీల మందు) కూడా ఇస్తారు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. కారం, సున్నం, పసరు పూయకూడదు.

టీకాను కండకు ఇస్తే 0, 3, 7, 14, 28వ రోజుల్లో, చర్మం పొరలో ఇస్తే 0, 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితంగా దొరుకుతుంది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అన్న మాట ఇంకా ఇళ్ళలో వినిపిస్తుంది గానీ, అది గొర్రె మెదడు కణజాలంతో చేసిన పాత టీకా సంగతి, మన దేశంలో దాన్ని ఆపేసి ఇరవై ఏళ్ళు దాటింది. కరిచిన కుక్కో పిల్లో కళ్ళెదుట ఉంటే పది రోజులు గమనించమంటారు. పదో రోజుకు అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని చొంగలో రేబిస్ లేనట్టే. అలాగని ఆ పది రోజులూ టీకా ఆపకూడదు.

గీరిందో లేదో నిజంగానే తేలకపోతే ఒక్క వైద్యునికి, ఒక్కసారి, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆయన వేయించుకోమంటే వేయించుకోండి, అక్కరలేదంటే అంతటితో ఆ ప్రశ్న ముగిసినట్టే. ముగ్గురు డాక్టర్లను అడిగి ముగ్గురూ వేరువేరు మాటల్లో ఒకే విషయం చెప్పినా, ఆ మాటల తేడాలోంచి కొత్త అనుమానం పుట్టించుకోవడం ఈ భయానికి బాగా చేతనవును.

రేబిస్ ఏళ్ళ తరువాత కూడా వస్తుందంటారు కదా?

సాధారణంగా రెండు మూడు నెలల్లో బయటపడుతుంది. వారం నుంచి ఏడాది దాకా మారవచ్చు, అంతకుమించిన సందర్భాలు బహు అరుదు. భయం ఆ చివరి మాటనే పట్టుకుని వేలాడుతుంది. నిజంగా కాటు పడి టీకా వేయించుకోకుండా ఉండిపోయినవారు నెలలు గడిచినా వెళ్ళి వేయించుకోవచ్చు, ఆలస్యమైందని వద్దనరు. కాటే లేనివారికి ఏడాదీ లేదు, గడువూ లేదు.

టీకా కోర్సు పూర్తయినా భయం పోలేదు. మళ్ళీ వేయించుకోనా?

వద్దు. పూర్తి కోర్సు అయిన మూడు నెలల లోపు మళ్ళీ కుక్క కరిచినా గాయం కడగడమే చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ తరువాత కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలంటుంది. టీకా చల్లగా ఉంచారా, నర్సు సరైన చోట గుచ్చిందా, మూడో సూది అయిదు గంటలు ఆలస్యమైంది కదా అన్న ప్రశ్నలకు అంతుండదు. ఏడాదిలో మూడు కోర్సులు వేయించుకున్నవారిని చూశాం. మూడోది పూర్తయిన వారానికే నాలుగోదాని గురించి అడిగారు.

గొంతు బిగుసుకుంటోంది, నీళ్ళు మింగడం కష్టంగా ఉంది. ఇది లక్షణమేనా?

ఈ భయం ఉన్నవారు చాలామంది గంటకోసారి గ్లాసెడు నీళ్ళు తాగి చూసుకుంటారు. నీళ్ళకు భయపడటం రేబిస్ లక్షణమని ఎక్కడో చదివి ఉంటారు, తమకది వచ్చిందేమోనని పరీక్షించుకుంటారు. ఇందులో చిక్కేమిటంటే ఆందోళన గొంతు కండరాలను బిగిస్తుంది, నోటిని ఎండబెడుతుంది. ఏ రోగమూ లేని మనిషి అయినా వరుసగా పదిసార్లు గుటక వేయడానికి ప్రయత్నిస్తే, లాలాజలం అయిపోయి, ఆపై గుటక పడదు. పరీక్షే లక్షణాన్ని పుట్టిస్తుందన్నమాట.

మెదడును తినే అమీబా భయం ఉన్నవారు, మెడ బిగుసుకోవడం ఆ జబ్బు లక్షణమని చదివి, ఇదే పనిని మెడతో చేస్తారు. గడ్డం ఛాతీకి తగులుతోందా లేదా అని రోజుకు నలభైసార్లు వంచి చూసుకుంటే, సాయంత్రానికి ఎవరి మెడైనా పట్టేస్తుంది. థర్మామీటరుదీ అదే కథ. ఆరోగ్యవంతుల ఒంటి వేడి కూడా పొద్దుటికన్నా సాయంత్రానికి దాదాపు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ పెరుగుతుంది. ఆ పెరుగుదలను కొలిచి, కాగితం మీద రాసి, జ్వరం మొదలైందని నిర్ణయించుకున్నవారు మాకు తెలుసు. థర్మామీటరును కొన్నాళ్ళు ఇంట్లో వేరొకరి చేతికి ఇచ్చేయండి.

చెరువులో, కాలువలో, పుష్కర ఘాట్లలో స్నానం చేస్తే మెదడును తినే అమీబా సోకుతుందా?

దీని పేరు నెగ్లీరియా ఫౌలెరి. ఇది వెచ్చని మంచినీటిలో ఉంటుంది, ముక్కు ద్వారా లోపలికి వెళ్ళిన నీటితో మాత్రమే మెదడును చేరుతుంది. తాగితే రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు, సముద్రపు ఉప్పునీటిలో బతకదు. సోకితే 1 నుంచి 12 రోజుల్లో, సగటున అయిదు రోజులకు లక్షణాలు మొదలవుతాయి. కనుక గడువు చాలా చిన్నది. రెండేళ్ళ కిందటి ఈతకు ఈనాటి తలనొప్పికి సంబంధం కలిపి మాకు రాసేవారు ఈ వాక్యాన్ని గమనించాలి.

సోకితే ప్రాణాంతకమే: అమెరికాలో 1962 నుంచి 2023 వరకు నమోదైన 164 మందిలో బతికినవారు నలుగురే. అదే సంఖ్యను రెండోవైపు నుంచి కూడా చదవాలి. ప్రతి వేసవిలోనూ కోట్లమంది సరస్సుల్లో ఈదే దేశంలో అరవై ఏళ్ళకు పైగా కాలంలో 164 మంది. కేరళలో ఈమధ్య అమీబా కేసులు ఎక్కువగా బయటపడుతున్న మాట నిజమే. అక్కడి వైద్యులు వాటి కోసం వెతుకుతున్నారు, త్వరగా గుర్తిస్తున్నారు కూడా. 2024లో కోళిక్కోడ్ జిల్లాకు చెందిన 14 ఏళ్ళ బాలుడు అలా సకాలంలో గుర్తించడం వల్లే బతికాడు.

చేయవలసిన పని చిన్నది. వేసవిలో నిలవనీటి చెరువులోకి దూకకండి, మునిగేటప్పుడు ముక్కు మూసుకోండి, అడుగు బురదను కెలకకండి. జలనేతి (ముక్కును నీటితో కడిగే యోగ పద్ధతి) చేసేవారు కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి. 2027లో గోదావరి పుష్కరాలకు వెళ్ళేవారు ముక్కు పట్టుకుని మూడు మునకలు వేయవచ్చు, మన పెద్దలు వేసేది ఎలాగూ అలాగే కదా. ఆ తరువాత మెడ వంచి చూసుకోనవసరం లేదు.

పొలంలో, తుప్పల్లో తిరిగినప్పుడు వచ్చే జ్వరాల సంగతి?

ఇక్కడ మాట కొంచెం మారుతుంది, ఎందుకంటే స్క్రబ్ టైఫస్, ఎలుకజ్వరం అన్నవి మన ప్రాంతాల్లో అంత అరుదైనవి కావు, అదే సమయంలో నయం కానివీ కావు. స్క్రబ్ టైఫస్ చిగ్గర్ అనే సన్నని పురుగు కుట్టడం వల్ల వస్తుంది, కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టవచ్చు, సాధారణంగా పది రోజులకు జ్వరం వస్తుంది. ఎలుకజ్వరం ఎలుకల మూత్రం కలిసిన నీరు పగుళ్ళున్న కాళ్ళకు తగలడం వల్ల వస్తుంది, వరదల తరువాత ఎక్కువ. రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు పనిచేస్తుంది, త్వరగా మొదలుపెడితే చాలు. నిండు చేతుల చొక్కా, బూట్లు, ఇంటికి రాగానే స్నానం, జ్వరం మూడో రోజుకు తగ్గకపోతే పొలానికి వెళ్ళిన విషయం డాక్టరుకు చెప్పడం: రైతు ఇంట ఇంతే చేస్తారు, అంతకు మించి అవసరం లేదు.

భయస్తులు ఈ రెండు జబ్బుల గురించి మమ్మల్ని దాదాపు ఎప్పుడూ అడగరు. మందు ఉన్న జబ్బు వారిని ఆకర్షించదేమో.

తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంది.

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలోని బ్యాక్టీరియా వల్ల వస్తుంది. గాయం కడగండి. చిన్నప్పటి టీకాలు పూర్తయి ఉండి, చివరి టీకా వేయించుకుని అయిదేళ్ళు దాటి ఉంటే ఒక డోసు వేయించుకోండి. టీకాలు ఎప్పుడు వేశారో తెలియకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి.

అమెరికాలో ఉంటున్నాం. పిల్లలను పార్కుకు పంపాలంటే భయం.

దేశం మారితే జాబితా మారుతుంది, దాన్ని తెలుసుకోవడం మంచిదే. అక్కడ కుక్కల్లో తిరిగే రేబిస్‌ను నిర్మూలించినట్టు 2007లో ప్రకటించారు. ఇప్పుడు ఆలోచించవలసింది గబ్బిలాల గురించి, కనుక పిల్లవాడు పడుకున్న గదిలో గబ్బిలం కనిపిస్తే తప్పక వైద్యునికి చెప్పాలి. న్యూజెర్సీ వంటి ఈశాన్య రాష్ట్రాల్లో గడ్డి, ఆకుల మధ్య ఉండే టిక్ పురుగుతో లైమ్ జబ్బు వస్తుంది. కానీ ఆ పురుగు చర్మానికి అంటుకుని సాధారణంగా ఒక రోజుకు పైగా ఉంటేనే అది సోకుతుంది. కనుక సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఒక్కసారి ఒళ్ళంతా చూడటం సరిపోతుంది. ఒక్కసారి అన్న మాటను నొక్కి చెబుతున్నాం.

ఇంటర్నెట్‌లో వెతకడం ఆపలేకపోతున్నాను.

ఒకేసారి ఆపమంటే ఎవరి వల్లా కాదు. వాయిదా వేయడం అవుతుంది. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, అనుమానం వచ్చినప్పుడల్లా ఒక్క వాక్యంగా అందులో రాసి, సాయంత్రం ఆరు నుంచి ఆరూ ఇరవై వరకు మాత్రమే వాటిని చూడండి. ఆ వేళకు పొద్దున్నే ప్రాణం తీసినంత పని చేసిన వాక్యం చప్పగా కనిపించడం చాలామందికి అనుభవం. మనిషిలా జవాబిచ్చే కొత్త యాప్‌లతో అదనపు ప్రమాదం ఉంది: అవి విసుక్కోవు. ఇంట్లోవాళ్ళు నాలుగోసారికి విసుక్కుంటారు, ఆ విసుగే ఇన్నాళ్ళూ ఒక హద్దుగా పనిచేసింది.

మా అబ్బాయి రోజుకు ఇరవైసార్లు "ఏమీ కాదు కదా" అని అడుగుతాడు. ఏం చెప్పాలి?

"అమ్మా, ఇది గీతలా ఉందా, ఒక్కసారి చూడవే" అంటాడు. మీరు చూసి "ఏమీ లేదురా" అంటారు. వాడి ముఖం తేటపడుతుంది, అరగంటకు మళ్ళీ వస్తాడు. మీ జవాబు ప్రేమతో ఇచ్చిందే అయినా, వాడి మనసు దాన్ని మందులా వాడుకుంటోంది, మోతాదు పెరుగుతోంది. తిట్టడం, నవ్వడం, ఒట్టు వేయడం ఏవీ పనిచేయవు. పనిచేసేది ముందుగా వాడితో ఒక ఒప్పందం చేసుకోవడం: ఒక విషయానికి ఒక్కసారే జవాబు. ఆ తరువాత అడిగితే, "భయమేస్తోందని తెలుస్తోందిరా. పొద్దున చూసి చెప్పాను, మళ్ళీ చూడను. రా, అన్నం తిందువుగాని" అనాలి. మొదటి వారం గొడవ పెరుగుతుంది. తల్లులు ఆ వారంలోనే కరిగిపోతారు, కనుక ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం ముఖ్యం.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం గురించి కూడా అడుగుతుంటారు. మనసు కుదుటపడటానికి ఒకసారి చేసుకుంటే మాకు అభ్యంతరం లేదు. ప్రతి అనుమానానికీ ఒక తాయెత్తు అయితే అదీ గ్లాసు నీళ్ళ పరీక్ష లాంటిదే అవుతుంది.

బయటికి వెళ్ళడమే మానేశాను. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

మెట్లు మెట్లుగా. మొదటి వారం గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. తరువాత కుక్కలుండే వీధిలో, వాటిని ఓరగా గమనించకుండా, మామూలు నడకతో చివరి వరకు వెళ్ళి రండి. ఆ తరువాత కుక్క పడుకుని ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగండి. అసలు చికిత్స ఇంటికి వచ్చాక జరుగుతుంది: కాళ్ళు చూసుకోకూడదు, డెట్టాల్‌తో కడగకూడదు, ఎవరినీ అడగకూడదు. దడ పెరుగుతుంది, కాసేపు అలాగే ఉంటుంది, ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. అది దానంతటదే తగ్గగలదని శరీరం తెలుసుకోవడం కోసమే ఈ కసరత్తంతా. డెట్టాల్‌తో పదేపదే కడిగేవారి చర్మం పగులుతుంది. సూక్ష్మక్రిములకు ఏ దారీ లేని చోట దారి తెరిచేది ఆ పగుళ్ళేనని వారికి మెల్లగా చెప్పాలి.

ధైర్యం నిరూపించుకోవడానికి వీధికుక్కను నిమరవలసిన పని లేదు. మామూలు మనిషి చేసేదాని వరకు చేస్తే చాలు.

మందులు అవసరమా? ఎవరిని కలవాలి?

పైన చెప్పిన పద్ధతిని వైద్యులు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) అంటారు, శిక్షణ పొందిన సైకాలజిస్టుతో కొన్ని నెలలు చేస్తే మంచి ఫలితం ఉంటుంది. నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతిన్నప్పుడు సైకియాట్రిస్టులు సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు ఇస్తారు, అవి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలల పేర్లు వినగానే జంకేవారు బోధనాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్ళవచ్చు. గడప దాటడమే కష్టమైనవారు టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ఉచిత సేవ రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఇంకేదీ ఆలోచించకుండా ఆ నంబరుకు చేయండి, పక్కనున్నవారికి చెప్పండి.

మరి నిజంగా జబ్బు చేస్తే? అన్నిటినీ భయమేనని తోసేస్తే?

తోసేయమని ఎవరూ అనరు. ఈ భయం ఉన్నవారికి కూడా అందరిలాగే జబ్బులొస్తాయి. కుక్కకాటు, రక్తం రాకపోయినా కుక్క గీరినట్టు కనిపించే గీత. జ్వరంతోపాటు స్పృహ తగ్గడం, మాట తడబడటం, ఫిట్స్. తీవ్రమైన తలనొప్పితో వాంతులు, మెడ బిగుసుకోవడం. జ్వరంలో ఆయాసం, పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం: వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ జాబితాను ఇంట్లో మరొకరి ఫోనులో దాచి, నిర్ణయం వారికి వదిలేయండి. జాబితాలో లేనిదైతే రెండు రోజులు ఆగి, అప్పటికీ తగ్గకపోతే మీ మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు, "నాకు ఈ భయం ఉంది, అవసరమైన పరీక్షలే రాయండి" అని ముందే చెప్పడం ఇద్దరికీ మేలు.

తగ్గాక మళ్ళీ వస్తుందా?

రావచ్చు, ముఖ్యంగా పత్రికలో కొత్త జబ్బు పేరు కనిపించినప్పుడు, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినప్పుడు, పరీక్షల ముందు. పేరు మారుతుంది, పనులు మారవు: అదే నోటు పుస్తకం, అదే సాయంత్రం ఆరు గంటలు, అమ్మతో అదే ఒప్పందం. రెండోసారి సాధారణంగా నెలలకు బదులు వారాల్లో తగ్గుతుంది.